కంప్యూటరు తెరపై దూరవిమాన పందెములు - ఒక విమర్శ

నేల విడువకయే విమానము నడుపుట నేర్పు యంత్రములను అనుకరణ యంత్రములని, వాడుకలో సిమ్యులేటర్లని అందురు. వీనిలో మొదట పేరొందినది ఎడ్విన్ లింక్ అను అమెరికా దేశీయుడు 1929 నాటికి తయారుచేసిన పెట్టె. అతని తండ్రికి ఆర్గన్ వాద్యములు చేయు కర్మాగారము కలదు. వాద్యమునకు గాలి నూదు తోలుతిత్తులనే లింక్ ఆ పెట్టె క్రింద అమర్చి, కూర్చున్నవాడు పిడి కదల్చినకొలది అది ఒరుగునట్లు, లేచునట్లు చేసెను. తరువాత కంప్యూటర్లు వచ్చి తిత్తుల పనిని గణితమునకు అప్పగించినవి. 1982లో మైక్రోసాఫ్టు సంస్థ విడుదల చేసిన ఫ్లైట్ సిమ్యులేటరుతో ఈ విద్య సామాన్యుల యిండ్లలో అడుగుపెట్టినది. నేడు ఓ మోస్తరు కంప్యూటరు గల యే విద్యార్థియైనను విశాఖపట్టణపు రన్‌వేను, మూడు వైపుల కొండలను, ఆవలి సముద్రమును తెరపై చూడగలడు.

ఒంటరిగా ఎగురుటతో తృప్తిపడక ఔత్సాహికులు పందెములు కూడ పెట్టుకొనుచున్నారు. వానిలో రెండు తెగలు. ఒకటి, స్తంభముల చుట్టు గిరగిర తిరుగు పొట్టి పందెము. అమెరికాలోని రీనో నగరపు పందెములను అనుకరించు భాగమొకటి 2021లో మైక్రోసాఫ్టువారి ప్రోగ్రామునకు చేర్చబడినది. అది కంటికి, చేతికి పరీక్ష. దానితో మనకిక్కడ పనిలేదు. రెండవది వేలకొలది కిలోమీటర్ల దూరపు పందెము. ఇది తలకు పరీక్ష కావలసినది. కాని నేను చూచినంతలో, పెక్కు పందెముల నియమములు దానిని అట్లు కానిచ్చుట లేదు. ఫలానా చోట బయలుదేరి ఫలానా చోట దిగుడు, ఎవరి కాలము తక్కువయో వారే విజేతలు - ఇంతతో నియమావళి ముగియును. ఎంత ఇంధనముతో, ఎంత బరువుతో, ఏ గాలిలో అను ప్రశ్నలకు అందు చోటులేదు. పాఠశాల విజ్ఞాన సంఘములలో ఇట్టి పందెమును నడుపదలచు ఉపాధ్యాయుడు మొట్టమొదట గమనింపవలసిన లోపమిదియే.

ఈ లోపము యెంతటిదో తెలియుటకు, తెరపై పందెములకు మాతృక వంటిదైన అసలు పందెమును చూడవలెను. అది 1934 అక్టోబరు 20న ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్ నుండి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు జరిగిన మాక్‌రాబర్ట్‌సన్ పందెము. మిఠాయిల వ్యాపారి మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ బహుమతుల సొమ్ము ఇచ్చెను. దూరము సుమారు 18,200 కి.మీ. బాగ్దాదు, అలహాబాదు, సింగపూరు, డార్విన్, చార్ల్‌విల్ - ఈ అయిదు చోట్ల అందరును దిగితీరవలెను. నడుమ మరి 22 చోట్ల కావలసినవారు దిగవచ్చును. అలహాబాదు, అనగా 2018 నుండి ప్రయాగ్‌రాజ్ అని పిలువబడుచున్న నగరము, ఆ దారిలో భారతదేశపు తప్పనిసరి మజిలీ. బయలుదేరినవి 20 విమానములు.

ఆ నియమములలో మూడు నాకు ముఖ్యముగా తోచుచున్నవి. విమానపు పరిమాణమునకుగాని, ఇంజను శక్తికిగాని హద్దు లేదు. ప్రతి మనిషికిని మూడు దినముల ఆహారము, నీటిపై తేలు సాధనములు, పొగ సంకేతములు విమానములో నుండవలెను. పందెము ఒకటే యైనను లెక్క రెండు విధములు: కేవల వేగమునకు ఒక బహుమానము, విమానపు శక్తిని, అది మోయు బరువును సరిచూచి లెక్కకట్టిన తారతమ్య పందెమునకు వేరొక బహుమానము. ఈ మూడవ నియమము లేకున్నచో ఆ పందెము చరిత్రలో నిలిచి యుండెడిది కాదని నా అభిప్రాయము. ఏలయన వేగములో మొదట వచ్చినది పందెము కొరకే పుట్టిన డీ హావిలాండ్ కామెట్. రెండవదిగా వచ్చినది ప్రయాణికులను, తపాలాను మోసికొని వచ్చిన డచ్చి కంపెనీవారి డగ్లస్ డి.సి.2. దాని పేరు ఊవర్. కామెట్‌కు సుమారు 71 గంటలు, ఊవర్‌కు 90 గంటలు పట్టెను. తారతమ్య పందెములో ఊవర్‌దే మొదటి స్థానము. విమానయానము ఏ దారిని పోవలెనో చెప్పినది గెలిచిన యెర్ర కామెట్ కాదు, ఊవరే. 1935లో ఎగిరిన డి.సి.3 ఈ డి.సి.2 వంశములోనిదే.

విమానమును సిద్ధము చేయుట యనగా నేమో కామెట్‌ను చూచిన తెలియును. డీ హావిలాండ్ సంస్థ 1934 ఫిబ్రవరి లోపల కోరినవారికి 5,000 పౌనులకు ఒక్కొక్కటి చేసియిచ్చెదనని ప్రకటించెను. మొదటిది సెప్టెంబరు 8న ఎగిరెను. పందెమునకు ఇక ఆరు వారములే గడువు. శరీరము, రెక్కలు చెక్కతో చేసినవి. ముందుభాగమంతయు పెట్రోలు తొట్లు. వాని వెనుక ఇద్దరు చోదకులు. అన్నిటికన్న విచిత్రమైనది దాని ప్రొపెల్లరు. నేల విడుచునపుడు ప్రొపెల్లరు రెక్కలు తక్కువ వాలుతో నుండవలెను, దూరము పోవునపుడు ఎక్కువ వాలుతో నుండవలెను. సైకిలు ఎత్తెక్కునపుడొక పండ్లచక్రము, సమతలమున వేరొకటి కావలసినట్లు. కామెట్‌లో ఈ మార్పు గాలి ఒత్తిడితో జరిగెడిది. బయలుదేరుటకు ముందు సైకిలు పంపుతో గాలి కొట్టి తక్కువ వాలున ఉంచెడివారు. వేగము హెచ్చగానే ఆ గాలి విడిచి రెక్కలు ఎక్కువ వాలునకు పోయెడివి. తరువాత ఆకాశమున దానిని వెనుకకు త్రిప్పుట సాధ్యము కాదు. కావున దిగబోయి మరల లేవవలసివచ్చినపుడు చోదకునికి పూర్తి బలము చిక్కదు. గంటకు 350 కి.మీ. వేగమునకై సైకిలు పంపును నమ్ముకొన్న యంత్రమది! మైక్రోసాఫ్టువారు విమానయాన శతాబ్ది పేర 2003లో తెచ్చిన ప్రోగ్రాములో ఈ కామెట్ చేరినది. పాఠశాలకు అంతకన్న మంచి విమానము దొరకదు.

మరియొక కామెట్ కథ మన దేశముననే ముగిసెను. జిమ్ మాలిసన్, అతని భార్య ఏమీ జాన్సన్ కరాచీ వరకు ముందంజలో ఉండిరి. అక్కడినుండి అలహాబాదుకు వచ్చుచు దారితప్పి జబల్‌పూరులో దిగిరి. అక్కడ వారి యింజనులకు తగిన మేలురకపు పెట్రోలు లేదు. దొరికినది బస్సులు వాడునట్టిది. దానితో బయలుదేరగా ఇంజను చెడినది. అలహాబాదులో వారు పందెమునుండి విరమించిరి. తెరపై పందెములో ఇట్టి ఓటమి యెన్నడైన సంభవించునా? దారితప్పిన విద్యార్థికి ఏ యూరి విమానాశ్రయములోనైనను మీట నొక్కగానే కోరిన ఇంధనము లభించును. అదియును అక్కరలేదనుకొన్న, ప్రోగ్రాములో అంతులేని ఇంధనము అను సదుపాయమే కలదు. ఆ మీటను వాడరాదని నియమములో వ్రాయని పందెము దూరపందెము కాదు, దీర్ఘకాల పందెము మాత్రమే.

ఇంధనమునకు ఇంత ప్రాధాన్యమెందుకనగా, దూరప్రయాణములో వేగమును నిర్ణయించునది అదే. అధిక వేగమున విమానము వేగము 10 శాతము పెంచినచో గాలి నిరోధము సుమారు 21 శాతము, దానిని జయించుటకు కావలసిన సామర్థ్యము సుమారు 33 శాతము పెరుగును. కిలోమీటరుకు కాలు పెట్రోలు దాదాపు అయిదవవంతు పెరిగినట్లు. అట్లు కాల్చి త్వరగా పోయినవాడు నడుమ ఒకచోట అదనముగా దిగవలసివచ్చిన, గెలుచుకొన్న నిమిషములు నేలమీదనే పోవును. మెల్లగా పోయి ఒక మజిలీ తప్పించుకొనుటయా, వేగముగా పోయి ఒకమారు దిగుటయా? ఇది కాగితముపై సాధింపదగిన లెక్క. ఇంధనము అంతులేనిదైన ఈ లెక్కయే లేదు. పిడిని చివరివరకు త్రోసి కాఫీ త్రాగి రావచ్చును.

మన తీరమునుండియే ఒక దారి తీసికొందము. విశాఖపట్టణమునుండి సింగపూరునకు భూగోళముపై అతిచిన్న దారి, అనగా మహావృత్తపు దారి, సుమారు 2,905 కి.మీ. డి.సి.3 విమానము గంటకు 270 కి.మీ. పోవుననియు, గంటకు 360 లీటర్లు కాల్చుననియు లెక్కకు సులువుగా అనుకొందము. దాని తొట్లలో పట్టునది సుమారు 3,100 లీటర్లు. అనగా ఎనిమిదిన్నర గంటల పైచిల్లర. సింగపూరు చేరుటకు పదిమ్ముప్పావు గంటలు కావలెను. కావున నేరుగా పోలేదు. నడుమ పోర్ట్ బ్లెయిర్‌లో దిగవలెను. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. విశాఖనుండి అది సుమారు 1,225 కి.మీ., అక్కడినుండి సింగపూరు సుమారు 1,690 కి.మీ. కూడిన 2,915. నేరుదారికన్న హెచ్చు పది కిలోమీటర్లే! సాధారణ పటముపై చూచినవారికి ఇది తోచదు. గ్లోబుపై దారము లాగి చూచిన విద్యార్థులకు అండమాను దీవులు ఆ దారముక్రిందనే కనబడును. అక్షాంశ రేఖాంశములనుండి గోళ త్రికోణమితితో దూరములు కట్టుట కళాశాల విద్యార్థులకు తగిన అభ్యాసము.

ఇక గాలి. నైరుతి ఋతుపవన కాలమున ఈ దారికి గాలి దాదాపు అడ్డముగా వీచును, ఏలయన పోర్ట్ బ్లెయిర్ విశాఖకు ఆగ్నేయముగా నున్నది. గంటకు 40 కి.మీ. అడ్డగాలి అనుకొందము. దిక్సూచిని మాత్రమే నమ్మి ముక్కును గమ్యమువైపే పెట్టి పోయినవాడు, నాలుగున్నర గంటలు గడచుసరికి దాదాపు 180 కి.మీ. ప్రక్కకు కొట్టుకొనిపోవును. ముక్కును ఎనిమిదిన్నర డిగ్రీలు గాలివైపు త్రిప్పియుంచిన ఈ బాధ లేదు. ఉపగ్రహములచే దారి చూపు సాధనమును విమానములో ఉంచనిచ్చినచో ఈ త్రికోణము విద్యార్థి కంటబడకయే పోవును. కాబట్టి ఆ సాధనమును పందెమున నిషేధింపవలెనని నేను గట్టిగా చెప్పుదును. 1934 నాటివారు దిక్సూచి, గడియారము, పటములతోనే ఎక్కువ దారి గడిపిరి.

అక్టోబరు, నవంబరు మాసములలో కథ మారును. తుపానులను గురించి విశాఖవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి విమానాశ్రయపు పైకప్పును సైతము చీల్చినది. వాయుగుండము దారికి నైరుతిగా, తమిళనాడు తీరమువైపు ఉన్నదనుకొనుడు. ఉత్తరార్ధగోళములో దాని గాలులు గడియారపు ముల్లునకు వ్యతిరేకముగా తిరుగును గనుక, మన దారిపై గాలి ఆగ్నేయమునుండి, అనగా సూటిగా ఎదురుగా వచ్చును. ఎదురుగాలి 40 అయినచో నేలపై వేగము 230. పోర్ట్ బ్లెయిర్ చేరుటకు 4 గం. 32 ని. బదులు 5 గం. 20 ని. పట్టును. అదనపు ఇంధనము సుమారు 280 లీటర్లు. తూకములో 200 కిలోలకు పైగా. అది ముగ్గురు మనుష్యుల బరువు.

ఇక్కడ ప్రతి చోదకుడును బయలుదేరకముందే తెలిసికొనవలసిన చోటు ఒకటి కలదు. దానిని తిరుగలేని చోటు అందము. అత్యవసరమునకై 580 లీటర్లు ముట్టక ఉంచిన, మిగిలినది 7 గంటల ఇంధనము. పోవునపుడు వేగము 230, వెనుదిరిగిన గాలి తోడ్పడి 310. ఏడింటిని 310తో గుణించి, రెండు వేగముల మొత్తమైన 540తో భాగించిన, సుమారు 4 గంటలు వచ్చును. అప్పటికి పోయిన దూరము సుమారు 925 కి.మీ. అంతవరకు ఎప్పుడైనను విశాఖకు తిరిగిరావచ్చును. ఆ తరువాత పోర్ట్ బ్లెయిర్ చేరితీరవలెను. ఇక ముందుకు పోవుటకును వెనుకకు వచ్చుటకును సమానకాలము పట్టు చోటు విశాఖనుండి సుమారు 705 కి.మీ. దూరమున నున్నది, గాలి లేనప్పుడు అది సరిగా నడిమధ్యనే ఉండెడిది. ఒక ఇంజను ఆగినచో ఎటు పోవలెనో నిర్ణయించునది ఈ రెండవ చోటు. తెరపై చక్కని సముద్రమును చూచుచు ఈ రెండు చోట్లను పటముపై గుర్తింపని విద్యార్థి నాలుగు గంటలు వృథా చేసినట్లే.

విశాఖపు వేసవి మరియొక చిక్కు. ప్రమాణముగా తీసికొను 15 డిగ్రీలకంటె 38 డిగ్రీలవద్ద గాలి సాంద్రత 7 శాతమునకు పైగా తక్కువ. రెక్కకు అదే ఎత్తుడు బలము చిక్కవలెనన్న వేగము 4 శాతము హెచ్చవలెను. పరుగుదూరము అంతకంటె ఎక్కువగా పెరుగును, ఏలయన పలుచని గాలిలో ఇంజను బలము, ప్రొపెల్లరు పట్టు కూడ తగ్గును. బరువు పదిశాతము పెరిగిన, ఇతరములు మారకున్నను పరుగుదూరము ఇంచుమించు 21 శాతము పెరుగును. మంచి ప్రోగ్రాములు ఈ లెక్కలన్నియు నమ్మకముగానే చేయుచున్నవి. ఇందు నా ఫిర్యాదు యంత్రముపై కాదు, దాని పనిని వాడుకొనని నియమములపై.

యంత్రపు లోపములు లేకపోలేదు. ఇంజనును గంటలతరబడి పూర్తి బలముతో నడిపినను చాలా ప్రోగ్రాములలో అది అలసిపోదు. 1934 విజేతలైన స్కాట్, కాంప్‌బెల్ బ్లాక్‌లకు డార్విన్ సమీపించునప్పుడు ఒక ఇంజనులో నూనె పీడనము పడిపోయి కంగారు కలిగించెను. చివరి దూరమును దానిని బుజ్జగించుచు నడపిరి. యంత్రము చేయలేనిదానిని నియమము చేయవచ్చును: పూర్తి బలమును అయిదు నిమిషములకు మించి వాడినవానికి దండనకాలము చేర్చుడు.

వాతావరణము విషయమున రెండు పక్షములు కలవు. ఇప్పటి ప్రోగ్రాములు ఆ క్షణమున లోకములో వీచుచున్న గాలినే తెరపైకి తేగలవు. అది సహజమని కొందరు. కాని ఒకడు ఉదయమున, వేరొకడు రాత్రి ఎగిరిన ఇద్దరి గాలులు వేరు. గెలిచినది నేర్పో గాలియో తేలదు. అందరు ఒకే గడియలో బయలుదేరగలిగిన ప్రత్యక్షవాతావరణము మేలు. పాఠశాలలో అది కుదరదు గనుక, ఒకే గాలిని అందరికి నిర్ణయించి, ముందురోజు సాయంత్రము మాత్రమే నల్లబల్లపై వ్రాయుట న్యాయము. కాలమును నాలుగింతలు, పదహారింతలు త్వరగా నడుపు సౌకర్యమును గూర్చియు వాదమున్నది. నిజమైన అలసట లేనిచో దూరయానమే లేదని పట్టుబట్టువారున్నారు. వారి మాట నిజమే. కాని బడిపిల్లలను అయిదు గంటలు కుర్చీలో కట్టివేయలేము. సముద్రముపై నాలుగింతల కాలమును అనుమతించి, రెండు చివరల వంద కిలోమీటర్లలో నిషేధించిన చాలును.

మళ్ళీ మొదలు అను మీటపై మాత్రము రాజీ పనికిరాదు. మెల్‌బోర్న్ సమీపమున రాత్రి తుపానులో దారితప్పిన ఊవర్‌కు ఆల్బరీ అను చిన్న ఊరివారు వీధిదీపములను ఆర్పుచు వెలిగించుచు ఊరిపేరును మోర్స్ సంకేతములలో తెలిపిరి. గుఱ్ఱపుపందెపు మైదానముచుట్టు మోటారుకార్ల దీపములు వెలిగించి దింపిరి. తెల్లవారి బురదలో కూరుకొన్న విమానమును త్రాళ్ళతో లాగి బయటపడవేసిరి. అదే ఊవర్ రెండు నెలలు తిరుగకమునుపే, డిసెంబరు 20న, ఇరాక్ ఎడారిలో కూలి అందలివారందరు మరణించిరి. మూడు దినముల ఆహారము వెంట నుండవలెనను నియమము వ్రాసినవారికి ఇట్టివి జరుగునని తెలియును. తెరపై సముద్రము తడిగా నుండదు; కాబట్టి అందు పడినవాడు ఆ పందెమునకు లేనట్లే యని నియమములో ఉండవలెను.

నియమము కఠినముగా ఉన్నంతమాత్రమున క్రీడాబుద్ధి చావదు. ఇంగ్లండు, భారతదేశముల నడుమ ఒంటరిగా ఎగిరిన తొలి భారతీయునికి ఆగాఖాన్ 1929లో 500 పౌనుల బహుమానము ప్రకటించెను. గడువు ఒక నెల. మన్‌మోహన్ సింగ్ దారి పూర్తిచేసియు గడువు మించినందున బహుమానము పొందలేదు. ఆస్పీ ఇంజనీరు గెలిచెను. కాని ఈజిప్టులో స్పార్కుప్లగ్గులు లేక నిలిచిపోయిన ఆస్పీకి తనవద్దనున్నవి ఇచ్చి పంపినది ఎదురుదిశలో పోటీపడుచున్న జె.ఆర్.డి. టాటాయే.

మన విద్యార్థులకు చేతనంటి చూడదగిన దూరవిమానము విశాఖ సముద్రతీరముననే కలదు. 1988 నుండి 2017 వరకు భారత నౌకాదళములో పనిచేసిన టి.యు.142 ఇప్పుడు అక్కడ ప్రదర్శనశాలగా నిలిచియున్నది. దాని రెక్కల వెడల్పు సుమారు 50 మీటర్లు. సన్నగా, పొడవుగా ఉన్న ఆ రెక్కలను ఎందుకట్లు చేసిరో, ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురుగా తిరుగు రెండేసి ప్రొపెల్లర్లు ఎందుకో ప్రశ్నించి, తరువాత తరగతిలో చర్చింపవచ్చును.

నేను కోరు పందెములో గడియారమునకు సగము మార్కులే. మిగిలిన సగము బయలుదేరుటకు ముందు విద్యార్థి వ్రాసియిచ్చిన కాగితమునకు: ఎంత ఇంధనము, ఎంత సరుకు, తిరుగలేని చోటు ఎక్కడ, దిగునప్పుడు తొట్టిలో ఎన్ని లీటర్లు మిగులును. పైన చెప్పిన ఎదురుగాలిలో నిండుతొట్లతో పోయినవాడు పోర్ట్ బ్లెయిర్‌లో సుమారు 1,180 లీటర్లు మిగులునని వ్రాయవలెను. తెర చూపునదానికి, అతడు వ్రాసినదానికి ఎంత భేదమో అంత మార్కులు తగ్గించుడు. కాగితము వెనుకవైపున అదే గాలిలో తిరుగుప్రయాణము వ్రాయింపుడు. పోవునపుడు నష్టపోయినది వచ్చునపుడు సరిపోవునని తరగతిలో సగముమంది అందురు. గాలి లేనప్పుడు రానుపోను 9 గం. 4 ని.; గాలిలో 5 గం. 20 ని., 3 గం. 57 ని. కలిపి 9 గం. 17 ని. ఈ అధికకాలము ఎక్కడనుండి వచ్చినదో నల్లబల్లపై తేల్చిన తరువాతనే కంప్యూటరు తెరువవలెను.